వాసన లేని చాపత్తి

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. ఎమ్మెస్సీ ఆఖరి ప్రాక్టికల్ పరీక్షలో ఒక అమ్మాయికి ఒకసారి మరిగించి పారబోయాల్సిన టీ పొడి ఇచ్చి, దాంట్లోంచి కెఫీన్ తీయమన్నాను. రాకపోతే ఫెయిల్ చేశాను. మధ్యలో ఆమె నా దగ్గరికి వచ్చి, పొడికి వాసన లేదని చెప్పింది. నేను వినలేదు. పైగా పదిమందిలో ఒక మాట అన్నాను. పొడి విషయంలో తొందరలో చెయ్యి తప్పిందని సర్దిచెప్పుకోవచ్చు. మాట విషయంలో అట్లా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న పిల్లలు ఇది చదివితే నవ్వుకుంటారు. నవ్వండి. నేను కూడా ఇప్పుడు నవ్వుతూనే రాస్తున్నాను. కానీ ఆ మధ్యాహ్నం రెండున్నరకు మాత్రం నాకు చెమటలు పట్టాయి.

సిద్దిపేటలో మా డిపార్ట్‌మెంటు అంటే రెండు గదుల ల్యాబు, ఒక స్టోరు, ముందర ఒక వరండా. బ్యాచికి పన్నెండు మంది. నేను ఆర్గానిక్ చెప్పేవాణ్ణి, ల్యాబు ఇన్‌చార్జిని కూడా. ఏటా కొత్త బ్యాచి వచ్చిన మొదటి రోజు ఏ పరికరమూ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. గంటసేపు ఒకే పాఠం. "సీసా మీద చీటీ ఉంటది. దాన్ని చదువుండ్రి, కానీ నమ్మకుండ్రి. మూత తియ్యి, రంగు చూడు, చేత్తో గాలి ఊపి వాసన చూడు. చీటీ రాసినోడు మనిషే, పొరపాటు పడతడు." ఈ పాఠాన్ని ఇరవై ఏళ్లకు పైగా చెప్పాను. ఎంత బాగా చెప్పేవాణ్ణంటే, అది నాకు కూడా వర్తిస్తుందన్న సంగతి ఎప్పుడో మర్చిపోయాను.

మా అటెండర్ గురించి చెప్పాలి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. పిల్లలందరికీ చాచా. నాకు భాయ్. ఆయనకు కెమిస్ట్రీ రాదు, కానీ ఏ సీసా ఏ అరలో ఎన్నో వరుసలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. పరీక్షలకు కావలసినవన్నీ తూచి, పొట్లాలు కట్టి, బల్లల మీద పెట్టేది ఆయనే. ఆయనకు రెండు పిచ్చులు. ఒకటి, ల్యాబు గోడ వెంట పెంచిన మందారాలు. రెండోది, బగారా అన్నం వండడం. ఊళ్లో ఎవరింట్లో పెళ్లి అయినా డేగిసా అనే ఆ పెద్ద వంటగిన్నె దగ్గర ఆయన నిలబడితే చాలు, ఇంటివాళ్లు నిశ్చింతగా ఉండేవాళ్లు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. కాలేజీ గేటు పక్కన విద్యార్థుల టెంటు ఉండేది. రోజూ కొందరు కూర్చునేవాళ్లు. పాటలు, ఉపన్యాసాలు, మధ్యమధ్యలో చాయ్. పరీక్షలు అప్పటికే రెండుసార్లు వాయిదా పడ్డాయి. నా సంగతి చెప్పాలంటే, నాకూ తెలంగాణ కావాలి. భోజన విరామంలో స్టాఫంతా గేటు దగ్గర నిలబడి నినాదాలిస్తే నేనూ ఇచ్చాను. కానీ నా ల్యాబు పిల్లలు టెంటులో కూర్చోవడం నాకు గిట్టేది కాదు. రాష్ట్రం కావాలి, దానికోసం కూర్చునేది మాత్రం పక్క డిపార్ట్‌మెంటు పిల్లలు కావాలి. నా దేశభక్తి అంత సౌకర్యంగా ఉండేది.

టెంటులో అందరికంటే ఎక్కువ కనిపించింది ఆ అమ్మాయే. తొగుట వైపు పల్లె. తండ్రి తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. పొద్దున ల్యాబులో ఉండేది, మధ్యాహ్నం టెంటుకు పోయేది. అక్కడ చాయ్ పెట్టే పని తనదే. బస్టాండు దగ్గరి హోటల్ పద్ధతిలో, డికాక్షన్ ఒక గిన్నెలో, పాలు ఒక గిన్నెలో. ఆమె చాయ్ కోసమే టెంటుకు వచ్చేవాళ్లున్నారని మా భాయ్ అనేవాడు. ల్యాబులో చెయ్యి కూడా అంత శుభ్రం. ఆమె వాడిన బల్లను తుడవాల్సిన పని ఉండేది కాదు. హైదరాబాదు అవతలి ఒక మందుల కంపెనీ వాళ్లు వచ్చి మా బ్యాచిలో ఇద్దరిని ట్రైనీలుగా ఎంచుకున్నారు. అందులో ఆమె ఒకతి. షరతు ఒక్కటే. ఈసారే పాస్ కావాలి. ప్రాక్టికల్‌లో తప్పితే మళ్లీ ఏడాదికి గానీ పరీక్ష లేదు, ఏడాది దాకా ఆ కంపెనీ ఆగదు. "మా బాపు చెయ్యి జారుతుంది సార్. ఈ ఏడుతోని తాడెక్కుడు బంద్ పెట్టిస్త" అని నాతోనే ఒకసారి అంది. అంటే ఆమె పరీక్ష మీద ఏమేమి ఆధారపడి ఉన్నాయో నాకు తెలియక కాదు. తెలిసే చేశాను.

మూడోసారి పెట్టిన పరీక్ష తేదీ కూడా చిక్కుల్లో పడింది. అదే రోజు మధ్యాహ్నం పెద్ద రోడ్డు మీద వంటావార్పు అని ప్రకటించారు. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు వేసి తినడం. సాయంత్రం ఆరు దాకా బండి కదలదు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, నాకంటే పెద్దాయన, ముందు రోజే వచ్చి లాడ్జిలో దిగారు. పొద్దున ఏడున్నరకే పరీక్ష మొదలుపెట్టి ఒంటిగంటకల్లా ముగించి, రోడ్డు మూసేలోపు ఆయన్ను పంపించేద్దామని అనుకున్నాం.

ముందు రోజు సాయంత్రం భాయ్ నా దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు.

"సార్, రేపు నాకు ఛుట్టీ గావాలె."

"రేపు పరీక్ష కదా భాయ్!"

"రేపు నాలుగు డేగిసాల బగారా సార్. రోడ్డు మీద. నేను లేకుంటె ఆళ్లు దాన్ని కిచిడి జేస్తరు. తెలంగాణ ఇజ్జత్ సవాల్ సార్."

సెలవిచ్చాను. స్టోరు తాళంచెవి నా చేతిలో పెట్టి, ఏది ఎక్కడుందో చెప్పబోయాడు. "నాకు తెల్వదా ఏంది, నువ్ పో" అన్నాను. ఆ ఒక్క నిమిషం విని ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

పొద్దున ఆరున్నరకు వెళ్లి నేనే పొట్లాలు కట్టాను. మిరియాల్లోంచి ఒకటి, పసుపులోంచి ఒకటి, టీ పొడిలోంచి ఒకటి, ఇట్లా ప్రకృతి పదార్థాల్లోంచి రసాయనాలు వేరుచేసే ప్రయోగాలు కొన్ని, మిగతావి వేరేవి. చీటీలు తీసి ఎవరికి ఏది పడితే అది చేయాలి. స్టోరులో రెండో అరలో వెడల్పు మూతి సీసా ఉంది. దాని మీద "టీ పొడి" అన్న చీటీ ఉంది. నా దస్తూరీయే, ఎప్పుడో నేనే రాసి అంటించింది. నా దస్తూరీని నేను నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? మూత తీశాను, తూచాను, పొట్లం కట్టాను. వాసన చూడలేదు.

కెఫీన్ చీటీ ఆ అమ్మాయి ఒక్కతికే పడింది. నాకు సంతోషమే అయింది. సులువైన ప్రయోగం. టీ పొడిని కొంచెం సోడా కలిపిన నీళ్లలో మరిగించి, వడగట్టి, చల్లార్చి, దాంట్లో క్లోరోఫారం పోసి ఊపితే కెఫీన్ దాంట్లోకి దిగుతుంది. ఆ క్లోరోఫారాన్ని ఆవిరి చేస్తే గిన్నెలో తెల్లటి పదార్థం మిగులుతుంది. మళ్లీ శుద్ధి చేస్తే పట్టుపోగుల్లాంటి సూదులు. చెయ్యి తిరిగినవాళ్లకు తప్పేది కాదు.

ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఈ చాపత్తికి వాసన వస్తలేదు సార్. మరగబెడితె రంగు గూడ దిగుత లేదు. పల్సగుంది. జర చూస్తరా?"

చాపత్తి అంటే మా దగ్గర టీ పొడే. ఎగ్జామినర్ ఎదురుగా ఉన్నారు. నా ల్యాబులో నేను కట్టిన పొట్లం మీద ఫిర్యాదు. నాకు కోపం వచ్చింది. లేవలేదు, చూడలేదు.

"మూడు నెలలు టెంటుల కూసుంటె వాసన గట్లనే పోతది, చెయ్యి గట్లనే పోతది. పో, ఇచ్చిన దాంతోని చెయ్యి" అన్నాను.

పన్నెండు మందీ విన్నారు. ఆమె మొహం ఎర్రబడింది. "సరే సార్" అని వెళ్లిపోయింది. ఇచ్చిన దాంతోనే చేసింది. ఒక్క మెట్టు తప్పకుండా చేసింది. చివరికి గిన్నెలో మిగిలింది గోరుతో గీకితే రాలేంత గోధుమరంగు మరక.

వైవాలో అన్నింటికీ జవాబు చెప్పింది. ఎగ్జామినర్ నా వైపు వంగి, "విధానమంత మంచిగనే రాసింది. పాసు మార్కులు ఏద్దామా?" అన్నారు మెల్లగా. ఆయన అట్లా అనడం నాకు అవమానంగా తోచింది. జాలి మార్కులు మా డిపార్ట్‌మెంటులో లేవని అన్నాను. చూడండి, ఆయన తలుపు తెరిచారు, నేను గొళ్లెం పెట్టాను. ఆ ప్రయోగానికి సున్నా వేయించాను. మొత్తం మీద పాసుకు నాలుగు మార్కులు తగ్గాయి. మార్కుల కాగితాన్ని కవర్లో పెట్టి, లక్క వేసి, ఎగ్జామినర్ సంచిలో పెట్టాం. ఒంటిగంట దాటి ఆయన కిరాయి కారులో బయలుదేరారు. మార్కులు మేం చెప్పకూడదు. కానీ సున్నా వచ్చిన గిన్నె ఎదురుగా ఉంటే ఎవరికి తెలియదు? ఆమె గాజు సామాను కడిగి, తుడిచి, బోర్లించి, నమస్కారం పెట్టి వెళ్లింది. ఆ నమస్కారం ఎప్పటికంటే మర్యాదగా ఉంది. అది మంచి గుర్తు కాదని నాకు అప్పుడే తెలియాలి.

అందరూ వెళ్లాక ల్యాబులో నేనొక్కణ్ణే. తలనొప్పి. పొద్దున్నుంచి చాయ్ తాగలేదు. భాయ్ ఉంటే తెచ్చేవాడు. మేం కెమిస్ట్రీ వాళ్లం కొంచెం చెడ్డవాళ్లం. తినేవి, తాగేవి ల్యాబులో ముట్టవద్దని పిల్లలకు చెప్పి, స్టోరులో ఒక చిన్న స్టవ్వు, ఒక గిన్నె విడిగా దాచుకుంటాం. గిన్నెలో నీళ్లు పోసి, మరిగాక అదే సీసాలోంచి రెండు చెంచాల పొడి వేశాను.

నీళ్లు రంగు మారలేదు. ఇంకో చెంచా వేశాను. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్లలాగా కాస్త పచ్చబడ్డాయి. ఇంకో రెండు వేశాను. అంతే. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. తడిసి ఎండిన కాగితం వాసన.

"సార్, ఈ చాపత్తికి వాసన వస్తలేదు సార్."

ఆ మాట ఇప్పుడు వినపడింది. ఎనిమిదిన్నరకు చెప్పిన మాట రెండున్నరకు చెవికెక్కింది. స్టవ్వు ఆర్పి, స్టోరు తాళం కూడా వేయకుండా పరుగెత్తాను. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. నా పరుగును ఆ వీధి అంతకు ముందు చూడలేదు. "ఏమైంది సార్, లాఠీచార్జా?" అని ఒక దుకాణాయన అడిగాడు. జవాబు చెప్పే ఊపిరి లేదు.

పెద్ద రోడ్డు మీద జాతర. రోడ్డుకు అడ్డంగా చాపలు, బంతులు బంతులుగా జనం. పొయ్యిల పొగ, డప్పుల చప్పుడు, ఎవరో మైకులో పాట. లాయర్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు, కళ్లు తుడుచుకుంటూ. బంగారం దుకాణాల వాళ్లు విస్తర్లు పరుస్తున్నారు. నాలుగు డేగిసాల నడుమ మా భాయ్, భుజం మీద తువ్వాలతో, గరిటెను కత్తిలాగా పట్టుకుని ఉన్నాడు. నేరుగా ఆయన దగ్గరికి పోయాను.

"భాయ్... స్టోరుల... టీ పొడి సీసా..."

"అరె సార్! కూసోండ్రి ముందు. పానీ తాగుండ్రి."

"ఆ సీసాల ఉన్నదేంది భాయ్?"

"గదా? గది మందారాలకు సార్. టెంటుల మరగబెట్టి పారబోసే చాపత్తిని కడిగి ఎండబెట్టి దాంట్ల పోస్తున్న. మొక్కలకు మస్తు బలం." ఆయన మొహంలో ఉత్సాహం నా మొహం చూసి ఆగింది. "మంచి చాపత్తి బీరువాల ఉంది సార్, ప్యాకిట్ గూడ చింపలే. నిన్న చెప్పబోతె మీరు వినకపోతిరి. ఏం? ఏమైంది?"

చెప్పాను. ఆయన గరిటె డేగిసా అంచుకు ఆనించాడు. "యా అల్లా. మన చాయ్ బిడ్డకా?" అన్నాడు. తర్వాత, "ఎగ్జామినర్ సార్ ఏడికి పోయిండు? రోడ్డు పన్నెండున్నరకే బంద్ జేసినం. ఈడనే ఎక్కడో ఉంటడు" అన్నాడు.

ఆ రోడ్డును అప్పటికి ఎన్నిసార్లు తిట్టుకున్నానో. బస్సు దొరకనప్పుడు, పరీక్షలు వాయిదా పడినప్పుడు. ఆ రోజు ఆ రోడ్డు మూసి ఉన్నందుకు దండం పెట్టాను.

వెతకాల్సిన పని పడలేదు. మూడో బంతిలో, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బాసింపట్టు వేసుకుని, ఎగ్జామినర్ గారు బగారా అన్నం తింటున్నారు. కారు వెనక ఎక్కడో ఇరుక్కుంది. పక్కన మా పరీక్ష సంచి. వంకాయ కూర బక్కెట్టుతో ఆయన ముందు వంగి వడ్డిస్తున్నది ఆ అమ్మాయే.

"ఇంక జర ఎయ్యనా సార్?"

"ఎయ్యమ్మా, ఎయ్యి. పొద్దున మేం నీకు ఏం వెయ్యకపోతిమి, నువ్వన్న నిండుగ ఎయ్యి" అంటున్నారాయన. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది. నవ్వు ఆపుకుంటూ ఇంకో గరిటె వేసింది. నేను ఫెయిల్ చేసిన మనిషి ఫెయిల్ చేసినవాళ్లకు కూర వడ్డిస్తూ నవ్వగలుగుతోంది. నేను మాత్రం ఆ చాప అంచున నిలబడలేకపోయాను. కూర్చుండిపోయాను.

"సార్, పొరపాటు నాది" అన్నాను ఆయనతో. మైకు పాట వల్ల వినపడలేదు. గట్టిగా అన్నాను. అప్పుడే పాట ఆగింది. "పొరపాటు నాది! నేను ఇచ్చింది వాడేసిన టీ పొడి!" అని నేను అరవడం రోడ్డంతా విన్నది.

"ఎవలికిచ్చిన్రు సార్ వాడేసిన చాపత్తి?" వెనక బంతిలోంచి ఒక గొంతు అడిగింది.

"ఏ, మనకు గాదు తియ్, మన చాయ్ మంచిగనే ఉన్నది" అని ఇంకో గొంతు. నవ్వులు.

ఎగ్జామినర్ చెయ్యి కడుక్కుని అంతా విన్నారు. కోప్పడతారనుకున్నాను. సంచి దగ్గరికి లాక్కుని లక్క ముద్ర మీద వేలు పెట్టారు. "ఇది నేను అప్పజెప్పేదాక పరీక్ష అయిపోలేదు. ఇద్దరం ఎగ్జామినర్లం ఈడనే ఉన్నం, క్యాండిడేట్ ఈడనే ఉంది. తప్పుడు సరుకు ఇచ్చినమని కారణం రాసి మళ్ల చేయించొచ్చు. కానీ కారణం నువ్వు రాయాలె, నీ చేతితోని, నీ సంతకంతోని. పైవాళ్లు అడిగితె నువ్వే జవాబు చెప్పాలె. రాస్తవా?"

"రాస్తా" అన్నాను. సంజాయిషీ నోటీసు వస్తుందని తెలుసు. వచ్చింది కూడా.

ఆ అమ్మాయి వైపు తిరిగాను. బక్కెట్టు పట్టుకుని నిలబడే ఉంది.

"అమ్మా, పద. మళ్ల చేద్దువు. ఈసారి మంచి పొడి ఇస్తా."

ఆమె కదల్లేదు. "ఇంక రెండు బంతులున్నయి సార్. వడ్డించుడు అయినంక వస్త."

"రెండు బంతులా? టైమ్ అయితది కదా!"

"ఆకలికున్నరు సార్." తర్వాత గొంతు తగ్గించింది. "పొడి గురించి నాకు బాధ లేదు సార్. చాచా మందారాల సంగతి నాక్కూడ ఎరికే. ఆ సీసాలకెల్లి ఇచ్చిన్రని ఎరికలేదు. మీరు టెంటు గురించి అన్నరు గదా, గదే... వాసన పోయింది అన్నరు. సార్, మూడు నెలల సంది రోజుకు నూటయాభై చాయ్‌లు పెడుతున్న. చాపత్తి వాసన నాకు తెల్వదా?"

"తెల్సు బిడ్డా. నాకంటె నీకే బాగ తెల్సు. అట్ల అనొద్దుండె. తప్పయింది" అన్నాను. ఇరవై మంది వింటున్నారు. పొద్దున పన్నెండు మంది ముందు అన్నదానికి అది సరిపోయిందో లేదో నాకు తెలియదు.

ఆమె ఒక్క క్షణం చూసి, బక్కెట్టు నా చేతికిచ్చింది. "ఇగ గీ బంతి మీరు వడ్డించుండ్రి సార్. తొందరగ అయితది."

వడ్డించాను. నా చేతికి గరిటె అలవాటు లేదు. ఒకాయన విస్తరిలో వేయాల్సింది లుంగీ మీద వేశాను. "సార్ ప్రాక్టికల్స్ జేస్తుండు, జర దూరం జరుగుర్రి" అని ఎవరో అన్నారు. భాయ్ డేగిసా దగ్గర నిలబడి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూశాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

నాలుగింటికి నలుగురం నడిచి ల్యాబుకు పోయాం. ముందు భాయ్ తాళాల గుత్తితో, వెనక ఎగ్జామినర్, ఆ వెనక ఆ అమ్మాయి, చివర నేను, నా చొక్కా మీద వంకాయ కూరతో. బీరువా తెరిచి, ప్యాకెట్టును ఎగ్జామినర్ ముందు చింపాం. చింపగానే గదంతా వాసన. ఆమె దూరం నుంచే తల ఊపింది. "గిది చాపత్తి" అంది.

తర్వాతి మూడు గంటలు నా ఉద్యోగంలో అత్యంత సంతోషమైన మూడు గంటలని చెబితే అబద్ధం కాదు. ఆమె ఎంత నిదానంగా చేసిందో. మరిగిస్తే నీళ్లు నల్లగా దిగాయి. గరాటులో ద్రావణాన్ని గట్టిగా కుదిపితే నురగలు కట్టి విడిపోదని, పసిపిల్ల తొట్టెల ఊపినట్టు ఊపింది. పొరలు విడిపోయేదాకా గడియారం వైపు చూడలేదు. చూసింది నేను. క్లోరోఫారం ఆవిరయ్యాక గిన్నె అడుగున తెల్లగా అంటుకుంది. శుద్ధి చేసి చల్లారబెడితే, మొదట ఏమీ లేదు. ఎగ్జామినర్, భాయ్, నేను ముగ్గురం ఆ పాత్ర మీదికి వంగాం.

"జర ఎనకకు జరుగుండ్రి సార్. మీ గాలి తగుల్తుంది" అంది.

జరిగాం. అంచు దగ్గర ఒక సూది మొలిచింది. దాని పక్కన ఇంకోటి. కాసేపట్లో పాత్ర నిండా తెల్లటి, సన్నటి, మెరిసే పోగులు. "వచ్చిందా?" అన్నాడు భాయ్, ఏం రావాలో తెలియకుండానే. ఆమె తల ఊపింది. అప్పటిదాకా పట్టిన బిగువంతా వదిలి, రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వింది. ఎగ్జామినర్ కరిగే ఉష్ణోగ్రత చూసి, సరిగ్గా ఉందని కాగితం మీద గీత కొట్టి, కొత్త మార్కులు వేశారు. ఎన్నో చెప్పను. ఫెయిల్ మాత్రం కాదు.

నేను కూర్చుని కారణం రాశాను. "పరీక్షకు ముందు సరుకును పరీక్షించకుండా ఇవ్వడం, క్యాండిడేట్ లోపాన్ని చెప్పినా వినకపోవడం, రెండూ నా తప్పులు" అని. ఎగ్జామినర్ చదివి, రెండోది అవసరం లేదు, నియమాల ప్రకారం మొదటిది చాలు అన్నారు. రెండోది ఉండనివ్వమన్నాను.

సంజాయిషీ ఇచ్చుకున్నాను, ఒక ఇంక్రిమెంటు ఆగింది, ఏడాది తర్వాత మళ్లీ వచ్చింది. అది దిద్దుబాటు కాదు, శిక్ష. రెండూ ఒకటి కావు. దిద్దుబాటుగా రెండు పనులు చేశాను. ఒకటి, ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు పొట్లాలు తీసుకున్నాక మిగిలినవాటిలో ఒకటి నేను తీసుకుని, వాళ్ల పక్క బల్ల మీద వాళ్లతోపాటే ప్రయోగం చేశాను. నాకు రానిదాన్ని వాళ్లను అడగలేదు. ఒకసారి నాకు రాలేదు కూడా. పిల్లలు ఆనందించారు. భాయ్ సీసాకున్న నా పాత చీటీ పీకేసి, "మందారాలకు" అని కొత్తది అంటించాను. అంటించేముందు మూత తీసి వాసన చూశాను.

రెండోది ఆమె చెప్పిందే. ఆ సాయంత్రం ల్యాబు మూస్తుంటే, నేను ఏం చేస్తే టెంటు గురించి అన్న మాట పోతుందని అడిగాను. ఆమె పెద్దగా ఆలోచించలేదు.

"రేపటి సంది టెంటుల చాయ్ మీరు పెట్టుండ్రి సార్. నాకు కంపెనీ కాయిదాల పని ఉంది."

మర్నాడు నాలుగింటికి టెంటులోకి పోయాను. గేటు దాకా నినాదాలకు పోయినవాణ్ణే గానీ, ఆ గుడ్డ కింద మొదటిసారి కూర్చోవడం అదే. కొత్త ప్యాకెట్టు నేనే కొని తెచ్చాను. పొయ్యి అంటించడానికి నాలుగు అగ్గిపుల్లలు పట్టాయి. బర్నర్లు అంటించడంలో నాకు ఇరవై ఏళ్ల సర్వీసు ఉందని పిల్లలు ఒకరికొకరు గుర్తుచేసుకున్నారు. డికాక్షన్ మరిగించి, వడగట్టి, పాలు కలిపి, మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చాను. కాయిదాలు పక్కన పెట్టి, ముందు వాసన చూసి, ఒక గుక్క తాగింది. టెంటంతా ఆమె వైపు చూస్తోంది.

"పల్సగుంది సార్. ఇంకో చెంచా ఎయ్యుండ్రి."

వేశాను.